పంటి మీద ఆమ్లం: దంతవైద్య పరీక్షలకు చదివేవారికి ఒక పునశ్చరణ

దంతవైద్య పరీక్షలకు చదివే విద్యార్థి బల్ల మీద సాధారణంగా ఒక సన్నని నోటుపుస్తకం ఉంటుంది. అందులో అంకెలుంటాయి: 20, 32, 96, 5.5, 0.7. వాటి పక్కన నాడుల పేర్లు, నాళాల పేర్లు, మందుల మోతాదులు. పరీక్షకు వారం రోజుల ముందు ఈ పుస్తకాన్ని ఎక్కాల పుస్తకంలా వల్లె వేయడం భారతదేశంలోనూ ఉన్నది, అమెరికాలోనూ ఉన్నది. వల్లె వేయడంలో దోషం లేదు. కాని కారణం తెలియకుండా పట్టిన అంకె, ప్రశ్న కాస్త పక్కకు తిరిగితే చేజారిపోతుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఈ చదువు రెండు తీరులుగా కనిపిస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు దంతవైద్య కళాశాలలో చేరడానికి వ్రాసేది డాట్ అనే ప్రవేశ పరీక్ష. అందులో ప్రకృతిశాస్త్రాల విభాగానికి 100 ప్రశ్నలు: జీవశాస్త్రం 40, సాధారణ రసాయనం 30, కర్బన రసాయనం 30. దంతవైద్యం నేరుగా అందులో పరీక్షా విషయం కాదు. రెండవ తీరు వేరు. భారతదేశంలో బి.డి.ఎస్. పూర్తిచేసి, తరచు వివాహానంతరం ఈ దేశానికి వచ్చినవారు, తిరిగి పుస్తకం పట్టి ఐ.ఎన్.బి.డి.ఇ. అనే జాతీయ పరీక్ష వ్రాయాలి. పూర్వం రెండు భాగాలుగా ఉండిన పరీక్షల స్థానంలో 2020లో మొదలైన ఈ పరీక్షలో రెండు రోజులలో 500 ప్రశ్నలు. వాటిలో చాలా భాగం అంకెను సూటిగా అడగవు. ఒక రోగిని ఎదుట నిలబెట్టి, ఏమి చేస్తావని అడుగుతాయి.

ఈ ఇద్దరికీ ఉపయోగపడే ఒక దారి ఉన్నది. నోటుపుస్తకంలోని అంకెలలో చాలా వాటికి మూలం ఒకే ఒక ఖనిజం, అది ఆమ్లంతో పడే ఒకే ఒక పేచీ. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీ ఎపటైట్. పది కాల్షియం అయానులకు ఆరు ఫాస్ఫేటులు, రెండు హైడ్రాక్సిల్ అయానులు చేరి స్ఫటికంగా అమరితే అది ఏర్పడుతుంది.

పంటి పై తొడుగు అయిన పింగాణి పొరలో, బరువు లెక్కన, 96 శాతం ఈ ఖనిజమే. మిగిలినది నీరు, కొద్దిపాటి ప్రోటీను. దాని లోపలి డెంటిన్‌లో ఖనిజం సుమారు 70 శాతం. శరీరంలో పింగాణిని మించిన గట్టి పదార్థం మరొకటి లేదు. అయితే ఆ గట్టితనానికి చెల్లించిన మూల్యం కూడా ఉన్నది. పింగాణిని కట్టే ఎమిలోబ్లాస్టు కణాలు, పన్ను చిగురు చీల్చుకొని వెలుపలికి వచ్చేసరికి నశిస్తాయి. ఇల్లు కట్టి మేస్త్రి ఊరు విడిచి వెళ్ళిపోయినట్లు, ఆ తరువాత పగులు పడినా, గుంట పడినా పూడ్చే కణం ఉండదు. డెంటిన్‌ను కట్టే ఒడొంటోబ్లాస్టులు మాత్రం పల్ప్ అంచున జీవితాంతం ఉండి, అవసరమైనప్పుడు లోపలి వైపున కొత్త పొర వేయగలవు. పింగాణి బహిస్త్వచం నుండి, డెంటిన్, పల్ప్, సిమెంటం నాడీశిఖరం నుండి వలస వచ్చిన కణాల నుండి పుడతాయన్నది పరీక్షలలో మాటిమాటికి వచ్చే ప్రశ్న. ఇద్దరు మేస్త్రీల పుట్టుక వేరని గుర్తుంచుకుంటే జవాబు తడుముకోనక్కరలేదు.

ఇక ఆమ్లం సంగతి. చిలుం పట్టిన ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే మెరుస్తుంది. పులుపులోని ఆమ్లం చిలుమును కరిగించడమే అందుకు కారణం. పంటి మీద జరిగేదీ అటువంటిదే గాని, ఇక్కడ కరిగేది చిలుము కాదు, పన్నే. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాను హైడ్రాక్సిల్‌తో కలిసి నీరవుతుంది; ఫాస్ఫేటుతో కలిసి దానిని హైడ్రోజన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. అంటే పంటిని తడుపుతున్న ద్రవంలో నుండి స్ఫటికపు రెండు భాగాలు మాయమవుతాయి. ఆ లోటు పూడ్చడానికి స్ఫటికం కరుగుతుంది. లాలాజలపు పీహెచ్ సుమారు 5.5కు దిగితే పింగాణి కరగడం మొదలవుతుందని పుస్తకాలు చెప్పేది ఇందువల్లనే.

ఈ 5.5 అన్నది బంగారం కరిగే ఉష్ణోగ్రత వంటి స్థిరాంకం కాదు. ఇది చాలామంది విద్యార్థులు పట్టించుకోని విషయం; పరీక్షకులు ఇష్టంగా అడిగే విషయం కూడా. ద్రవంలో కాల్షియం, ఫాస్ఫేటు ముందే నిండుగా ఉంటే స్ఫటికానికి కరగవలసిన అవసరం రాదు. పెరుగు ఇందుకు చక్కని ఉదాహరణ. దాని పీహెచ్ 4కు కాస్త పైన ఉంటుంది. 5.5 సూత్రాన్ని గుడ్డిగా వర్తింపజేస్తే పెరుగన్నం తినే జాతికి ఈపాటికి పళ్ళు మిగిలి ఉండకూడదు. కాని పెరుగులో కాల్షియం, ఫాస్ఫేటు సమృద్ధిగా ఉన్నందువల్ల పింగాణి కరగదు. కోలా పానీయాల పీహెచ్ సుమారు 2.5, పైగా వాటిలో కాల్షియం లేదు. భోజనం చివర పెరుగన్నం తినే అలవాటును కోలాకు బదులిచ్చిన ఇళ్ళు ఈ లెక్కను ఒకసారి చూసుకోవచ్చు.

నోటిలో ఆమ్లం ఎక్కడ నుండి వస్తుంది? 1890లో విలోబీ మిల్లర్ అనే అమెరికన్ దంతవైద్యుడు బెర్లిన్‌లో పనిచేస్తూ, నోటిలోని సూక్ష్మజీవులు పిండి పదార్థాలను, చక్కెరలను పులియబెట్టి ఆమ్లం చేస్తాయని, ఆ ఆమ్లమే పంటిని తింటుందని ప్రతిపాదించాడు. 1924లో లండన్‌లో క్లార్క్ పిప్పిపన్ను నుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బాక్టీరియాను వేరుచేశాడు. ఇది రెండు పనులు చేస్తుంది. ఏ చక్కెర నుండైనా లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. మన వంటింటి పంచదార, అనగా సుక్రోజు దొరికితే, దాని నుండి జిగురు వంటి గ్లూకాన్‌ను కూడా అల్లి పంటికి అంటుకుపోతుంది. పాచి అని తెలుగువారు ఏనాటి నుండో పిలుస్తున్నది ఈ జిగురుపొరనే. అన్ని చక్కెరలలో సుక్రోజే పంటికి ఎక్కువ హానికరం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఈ రెండవ పనిలో ఉన్నది.

1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే పరిశోధకుడు పాచిలోనే ఎలక్ట్రోడులు ఉంచి కొలిచాడు. చక్కెర నీటితో పుక్కిలించిన కొద్ది నిమిషాలలో పీహెచ్ జారిపోయి, మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుండి గంట పట్టింది. ఆ రేఖాచిత్రాన్ని నేటికీ స్టీఫన్ వక్రరేఖ అంటారు. దానిని చూస్తే ఒక లడ్డూను ఒక్కసారిగా తినడానికి, అదే లడ్డూను పూటంతా చిదుపుకొని తినడానికి గల భేదం తెలుస్తుంది. మొదటిది ఒక గంట ఆమ్లం. రెండవది పూటంతా ఆమ్లం. ఎంత తిన్నామన్న దానికంటె ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యమని స్వీడన్‌లోని వీపెహోమ్ ఆసుపత్రి ప్రయోగాలు 1945కు, 1953కు మధ్య నిరూపించాయి. అక్కడ మనోవైకల్యం గల రోగులకు, వారి అంగీకారంతో నిమిత్తం లేకుండా, పంటికి అంటుకొనే మిఠాయిలు భోజనాల మధ్య పదే పదే తినిపించి పళ్ళు పుచ్చేలా చేశారు. పాఠ్యపుస్తకాలు ఫలితాన్ని రెండు వాక్యాలలో చెప్పి ముందుకు సాగుతాయి. ఆ అంకె ఎవరి పళ్ళ మీద రాబట్టినదో కూడా విద్యార్థికి తెలియడం న్యాయం.

ఆమ్లానికి విరుగుడు లాలాజలం. రోజుకు సుమారు అర లీటరు నుండి లీటరున్నర దాకా ఊరే ఈ ద్రవంలోని బైకార్బొనేటు ఆమ్లాన్ని విరుస్తుంది. కాల్షియం, ఫాస్ఫేటులు కరిగిన చోట మళ్ళీ చేరి, తెల్లమచ్చ దశలో ఉన్న పుచ్చును మాన్పగలవు. పరోటిడ్ గ్రంథి నాళం పై దవడ రెండవ చర్వణకానికి ఎదురుగా బుగ్గలో తెరుచుకుంటుంది; దవడ కింది గ్రంథి నాళం నాలుక కింద, కింది కుంతకాల వెనుక. గార ఎక్కువగా కట్టేదీ సరిగ్గా ఈ రెండు చోట్లనే. ఖనిజాలతో నిండిన లాలాజలం మొదట తాకే పాచి ముందుగా గట్టిపడుతుంది. విడివిడిగా బట్టీ పట్టే రెండు విషయాలు ఇలా ఒకటవుతాయి.

నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు. పాల సీసా నోట్లో పెట్టుకొని నిద్రపోయే బిడ్డ పై ముందు పళ్ళు నల్లబడి విరగడానికి ఇదే కారణం. కింది ముందు పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది కనుక అవి తరచు తప్పించుకుంటాయి. ఇక భారతదేశం నుండి పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల సంగతి. రక్తపోటుకు, అలర్జీకి, మానసిక వ్యథకు వాడే మందులలో పెక్కు నోటిని ఎండబెడతాయి. వయసుతో చిగురు కిందికి జారి వేరు భాగం బయటపడుతుంది. వేరు మీద పింగాణి ఉండదు. అక్కడి డెంటిన్ పీహెచ్ 6కు పైననే కరగడం మొదలుపెడుతుంది. నోరు ఎండుతోందని రోజంతా చప్పరించే పంచదార బిళ్ళలతో ఆ వేళ్ళు పుచ్చిపోతాయి. పరీక్షలో ఈ వృద్ధరోగి తప్పక ఎదురవుతాడు, ఇంట్లోనూ ఎదురవుతాడు.

ఈ స్ఫటికంలో హైడ్రాక్సిల్ ఉన్న చోట ఫ్లోరైడు చేరితే అది ఫ్లోర్ ఎపటైట్ అవుతుంది. ఇది ఇంకా బిగువైన అమరిక. కరగడానికి పీహెచ్ 4.5 దాకా దిగాలి. ఈ విషయం తెలిసిన తీరు ఒక అపరాధ పరిశోధన వంటిది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి వచ్చిన యువ దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అక్కడి జనుల పళ్ళ మీద గోధుమరంగు మరకలు చూశాడు. ఆ పళ్ళు అందవికారమైనవే గాని పుచ్చు తక్కువ. ముప్ఫై సంవత్సరాలు వెదకగా, 1931లో అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త చర్చిల్ నీటిని పరీక్షించి కారణం ఫ్లోరైడు అని తేల్చాడు. తరువాత ట్రెండ్లీ డీన్ ఊరూరా లెక్కలు తీసి, లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర పుచ్చు తగ్గుతుందని, మరకలు అంతగా కనబడవని చూపాడు. 1945 జనవరి 25న మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ తన తాగునీటిలో ఫ్లోరైడు కలిపిన తొలి నగరమైంది.

అదే కాలంలో కథలోని రెండవ సగం తెలుగునేల మీద నడిచింది. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుండి ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించారు. అక్కడ పళ్ళ మరకలతో ఆగలేదు. వెన్నెముక బిగుసుకొని మనుషులు కర్రలైపోయారు. నల్లగొండ జిల్లాలో తరతరాలు ఈ నీరే తాగాయి. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ ప్రాంతాలలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని గమనించి వ్రాశారు. గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భజలంలోకి దిగుతుంది. ఆ నీటిలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడు కాల్షియం ఫ్లోరైడుగా పేరుకుపోయేది. కాని బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటిలో కాల్షియం ముందే సున్నపురాయిగా విడిపోతుంది. ఫ్లోరైడు ఒంటరిగా మిగిలిపోతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించింది. ప్రపంచమంతటా దానిని నల్లగొండ పద్ధతి అనే అంటారు. ఒక జిల్లా పేరు పాఠ్యపుస్తకానికి ఎక్కడం గొప్పే గాని, ఏ కారణాన ఎక్కిందో తలచుకుంటే ఆ గొప్ప గొంతు దిగదు.

అంకెల విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి విధించిన మార్గదర్శక పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అమెరికాలో నీటికి కలపవలసిన మోతాదును 2015లో 0.7కు స్థిరపరిచారు. ఫ్లోరైడు పేస్టులు ఇంటింటికి వచ్చిన తరువాత నీటివల్ల కలిగే అదనపు మేలు మునుపటి కంటె తగ్గింది. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు నీటిలో కలపడాన్ని చట్టం ద్వారా ఆపివేశాయి. విద్యార్థి గ్రహించవలసినది వాదం కాదు, రసాయనం: ఫ్లోరైడు మేలు ప్రధానంగా పంటి ఉపరితలం మీద, కీడు ప్రధానంగా మింగినప్పుడు. పింగాణి తయారయ్యే వయసులో ఎక్కువ మింగితే, దానిలోని ప్రోటీను సకాలంలో తొలగక పొర గుల్లబారుతుంది. తరువాత ఆ గుల్లలో మరక దిగుతుంది. అందుకే మూడేళ్ళ లోపు బిడ్డకు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుండి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా పరిచే పేస్టు పిల్లలకు తగదు.

పింగాణి ఎప్పుడు తయారవుతుందో తెలియాలంటే పళ్ళు వచ్చే క్రమం తెలియాలి. పాలపళ్ళు 20; మొదటిది ఆరవ నెల ప్రాంతంలో, చివరివి రెండున్నరేళ్ళకు. శాశ్వత దంతాలు 32. మొదటి శాశ్వత చర్వణకం ఆరేళ్ళకు, ఏ పాలపన్నూ ఊడకుండానే, వరుస చివర మొలుస్తుంది. ఊడలేదు కనుక అదీ పాలపన్నే అనుకొని దానిని పుచ్చనిచ్చే తల్లిదండ్రులు ఎందరో. ఆ పన్ను ఖనిజం కట్టడం బిడ్డ పుట్టిన వేళకే మొదలవుతుంది. జ్ఞానదంతాలను మినహాయిస్తే మిగిలిన వాటి పింగాణి ఎనిమిదేళ్ళ లోపు పూర్తవుతుంది. ఎనిమిది అన్న అంకె మందుల పాఠంలో మళ్ళీ కనబడుతుంది.

టెట్రాసైక్లిన్ జాతి మందులు కాల్షియాన్ని పీతపట్టు పడతాయి. పాలతో కలిపి మింగితే మందు పేగులోనే చిక్కుబడి ఒంటికి పట్టదు. పన్ను కట్టే వయసులో ఇస్తే కాల్షియంతో కలిసి పంటిలోనే కూరుకుపోయి పసుపు, గోధుమ చారలవుతుంది. రెండూ ఒకే రసాయనం. గర్భం రెండవ సగం నుండి ఎనిమిదేళ్ళ దాకా ఈ మందులు వద్దన్న నియమం ఇందుకే. ఈ కుటుంబంలో డాక్సీసైక్లిన్ కాల్షియాన్ని తక్కువగా పడుతుంది కనుక, ప్రాణాపాయమైన రాకీ పర్వత మచ్చల జ్వరానికి ఏ వయసు బిడ్డకైనా అదే మొదటి మందు. ఈ జాతిలో తొలి మందు ఆరియోమైసిన్ వెలువడినది లెడర్లీ ప్రయోగశాలలో; బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్నప్పుడు అక్కడ పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అంతకు చాలా ముందు, 1925లో, ఫిస్క్‌తో కలిసి ఆయన రూపొందించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతితోనే రక్తంలోనూ లాలాజలంలోనూ ఫాస్ఫేటును తరతరాల విద్యార్థులు కొలిచారు.

ఆమ్లం మరొక చోట దంతవైద్యుడిని ఇబ్బంది పెడుతుంది. చీము పట్టిన పంటికి మత్తుసూది సరిగా పనిచేయదు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడోకెయిన్ ఒక బలహీన క్షారం. దాని పీకేఏ సుమారు 7.9. విద్యుదావేశం లేని రూపమే నాడి పొరను దాటగలదు. మామూలు కణజాలపు 7.4 దగ్గర నాలుగింట ఒక వంతు ఆ రూపంలో ఉంటుంది. వాపు వల్ల పీహెచ్ 6.4కు దిగితే మిగిలేది 3 శాతమే. డాట్ విద్యార్థి ఈ లెక్కను హెండర్సన్, హాసెల్‌బాల్ష్ సమీకరణంతో స్వయంగా వేయవచ్చు; ఐ.ఎన్.బి.డి.ఇ. విద్యార్థికి జవాబు, వాపుకు దూరంగా నాడి మొదటనే సూది వేయడం.

రసాయనంతో తేలని విషయాలు రెండున్నాయి. పాత నోట్సుతో వచ్చినవారికి ఇవే ప్రమాదకరం. కీళ్ళవాత జ్వరంతో గుండె కవాటం చెడినవారికి పన్ను తీసే ముందు యాంటిబయాటిక్ ఇవ్వాలని పాత పుస్తకాలు చెప్పేవి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో ఆ జాబితాను కుదించింది: కృత్రిమ కవాటం ఉన్నవారు, ఇంతకుముందు గుండెపొర ఇన్‌ఫెక్షన్ వచ్చినవారు, కొన్ని జన్మతః హృద్రోగాలు, కవాటం చెడిన గుండెమార్పిడి రోగులు. పెద్దలకు ఎమాక్సిసిలిన్ 2 గ్రాములు, చికిత్సకు అరగంట నుండి గంట ముందు, ఒకేసారి. పెనిసిలిన్ పడనివారికి ఇదివరలో ఇచ్చే క్లిండామైసిన్‌ను 2021లో జాబితా నుండి తొలగించారు.

రెండవది పళ్ళ అంకెలు. భారతదేశంలో వాడుకలో ఉన్న అంతర్జాతీయ పద్ధతిలో నోటిని నాలుగు భాగాలు చేసి, మొదటి అంకెతో భాగాన్ని, రెండవ అంకెతో నడుమ నుండి పంటి వరుసను చెబుతారు. 16 అంటే పై కుడి వైపు మొదటి చర్వణకం. అమెరికాలో పై కుడి జ్ఞానదంతాన్ని 1గా మొదలుపెట్టి, పై వరుస ఎడమ చివరకు 16, అక్కడి నుండి కిందికి దిగి కుడి చివరకు 32 దాకా లెక్కిస్తారు. ఇక్కడ 16 అంటే పై ఎడమ జ్ఞానదంతం. అక్కడి 16 ఇక్కడ 3. హైదరాబాదులో వైద్యం మొదలుపెట్టి ఇక్కడ ముగించుకొనే రోగులు ఉన్నారు. అటువంటి రోగి తెచ్చిన చీటీలో 16 అని ఒక్క అంకె మాత్రమే ఉంటే, పంటి పేరును, పక్కను పూర్తిగా మాటల్లో వ్రాయించుకొని, ఎక్స్‌రేతో సరిచూసిన తరువాతనే పరికరం చేతపట్టాలి.